మావయ్య గుండెకి స్టెంటు, మరి కాళ్ళకో?

మొన్న సంక్రాంతికి భీమవరం వెళ్ళా. కోడిపందాల బరి ఇంటికి రెండొందల గజాలు కూడా ఉండదు, మావయ్య దారిలో మూడుసార్లు ఆగారు. నడిస్తే పిక్కలు పట్టేస్తాయిట, కాసేపు నిలబడితే సర్దుకుంటాయిట. "వయసురా, వాతం" అని తేల్చేశారు. మూడేళ్ళ క్రితం గుండెకి స్టెంటు పడ్డ మనిషి. ఈ మూడేళ్ళలో ఆయన పాదం మీద నాడి ఎవరూ పట్టి చూడలేదు.

"కొలెస్ట్రాల్ బిళ్ళ వేసుకుంటున్నారా మావయ్యా?"

"రిపోర్టు నార్మలని వచ్చింది కదరా, ఊరికే ఎందుకని మానేశా."

రిపోర్టు తీసి చూశా. ఎల్‌డీఎల్ 92. పక్కన '100 లోపు' అని అచ్చేసి ఉంది. ఆ 100 ఎవరికండీ? స్టెంటు పడ్డవాడికి కాదు. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి 55 లోపు ఉండాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లోనే చెప్పింది. పైగా ఆ 92 బిళ్ళ వేసుకుంటుండగా వచ్చిన అంకె! మానేస్తే కొద్ది వారాల్లో మళ్ళీ పైకెళ్తుంది. మా ఆఫీసులో ఎవడైనా అందరు యూజర్లకీ ఒకటే లిమిట్ హార్డ్‌కోడ్ చేస్తే చీవాట్లు పెడతాం. ల్యాబులు ఏళ్ళ తరబడి అదే పని చేస్తుంటే డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నాం.

నేను డాక్టర్ని కాను, కోడు రాసుకు బతికేవాణ్ణి. కానీ స్టెంటు ఒక్కచోట వేసిన ప్యాచ్ అని అర్థం కావడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. కొవ్వు పేరుకునేది ఒళ్ళంతా. మెడ నాళాల్లో పేరుకుంటే పక్షవాతం, కాళ్ళలో పేరుకుంటే ఇదిగో ఈ 'వాతం'. 44 దేశాల రోగులతో రీచ్ అనే రిజిస్ట్రీ ఒకటుంది. జబ్బు బయటపడ్డ వాళ్ళలో దాదాపు ఆరుగురిలో ఒకరికి ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉందని 2006లో తేల్చింది. అదీ లక్షణాలు కనిపించిన చోట్లు లెక్కేస్తేనే.

"ఇవన్నీ పట్నం జబ్బులండీ" అనేవాళ్ళు మన దగ్గర తక్కువేం లేరు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, సుమారు 1,80,000 మంది జనాభాలో, ఏడాది చావుల లెక్క తీశారు. 1,354 చావుల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే, అందులో గుండెపోటు, పక్షవాతం దాదాపు సమానం. అంటురోగాలవి 12 శాతం. ఇరవై ఏళ్ళ కిందటి మాట ఇది, మన చేలగట్ల మీది మాట.

కాలి పరీక్షకి సూది కూడా అక్కర్లేదు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తారు. 0.90 లేదా అంతకన్నా తక్కువొస్తే కాలి నాళం మూసుకుపోతున్నట్టు. పట్టుబట్టి చేయించా, మావయ్యకి కుడికాలు 0.68. బిళ్ళ మళ్ళీ మొదలైంది, చుట్ట మాత్రం ఇంకా బేరాల్లో ఉంది.

లైపోప్రొటీన్-ఎ అని ఇంకోటుంది. వంశంలో వచ్చేది, తిండితో తగ్గేది కాదు, జన్మలో ఒక్కసారన్నా చూపించుకోవాలని ఆ 2024 మార్గదర్శకాల్లోనే ఉంది. మామూలు లిపిడ్ ప్రొఫైల్లో రాదు, అడిగి చేయించుకోవాల్సిందే. 50 దాటితే ముప్పు. మావయ్యది 96. ఆయన అమ్మకి సొంత తమ్ముడు కదా అని నేనూ చేయించుకున్నా. 71. వచ్చే ఆదివారం అమ్మని తీసుకెళ్తున్నా.