మూడు కాయితాల నవ్వుల పత్రిక

పోయిన నెల కందిపొడి గురించి రాస్తూ, మాటవరసకి, మేం కొందరం ఆడవాళ్ళం కలిసి పాత హాస్య చిత్రాల మీద ఒక ఇంటి పత్రిక నడుపుకుంటున్నామని ఒక్క ముక్క అన్నాను. కందిపొడి సంగతి ఎవరూ అడగలేదు! వచ్చిన ఉత్తరాలన్నీ ఆ పత్రిక గురించే. ఎలా మొదలెట్టారు, ఎంతవుతుంది, మేమూ చెయ్యగలమా అని. ఎందుకు చెయ్యలేరు? చీటీపాట నడిపిన ఆడవాళ్ళకి ఇదొక లెక్కా!

మాది తెనాలి. విజయా వారి చక్రపాణి గారి ఊరు. 2012 జూన్‌కి 'గుండమ్మ కథ' వచ్చి యాభై ఏళ్ళయింది. ఆ సాయంత్రం మా డాబా మీద ఆరుగురం కూర్చుని పకోడీలు తింటూ ఆ సినిమా ముచ్చట్లు చెప్పుకుంటుంటే, "ఇవన్నీ ఎక్కడైనా రాసిపెట్టుకుంటే బావుండును అక్కయ్యా" అంది మా పక్కింటి అమ్మాయి. అలా మొదలైంది. మూడు నెలలకొక సంచిక. ఇప్పుడు నలభై రెండు ప్రతులు వెళ్తున్నాయి.

ముందు కాయితాల సంగతి చెబుతాను, ఎందుకంటే అందరూ తడబడేది అక్కడే. ఏ-ఫోర్ కాయితం ఒకటి దాదాపు అయిదు గ్రాములు తూగుతుంది. మేం మొదలుపెట్టిన రోజుల్లో ఇరవై గ్రాముల లోపు కవరుకి అయిదు రూపాయల స్టాంపు. మూడు కాయితాలూ కవరూ కలిపి మా వీధి చివర బంగారం కొట్టులో తూయించాం. సరిగ్గా సరిపోయింది. నాలుగో కాయితం పెడితే స్టాంపు రెట్టింపు. అందుకని మా పత్రిక ఎప్పుడూ మూడు కాయితాలే, రెండువైపులా ఆరు పేజీలు. అప్పట్లో జిరాక్సు పేజీకి ముప్పావలా. అంటే నాలుగున్నర, స్టాంపు అయిదు, కవరు రూపాయి, వెరసి పదిన్నర. ఏడాదికి నాలుగు సంచికలు నలభై రెండు రూపాయలు. చందా యాభై పెట్టాం. మిగిలిన ఎనిమిది పోస్టులో పోయిన ప్రతులకి. జిరాక్సు రేటు పెరిగాక చందా వంద చేశాం, ఎవరూ నొచ్చుకోలేదు. మీరు మొదలుపెట్టేటప్పుడు స్టాంపు రేటు పోస్టాఫీసులో అడిగి లెక్క వేసుకోండి.

నల్ల సిరాతోనే రాయండి. నీలం సిరా జిరాక్సులో వెలిసిపోతుంది. చుట్టూ అరంగుళం ఖాళీ వదలాలి, లేకపోతే వాక్యాల చివర్లు మిషను మింగేస్తుంది. పాత వారపత్రికల్లోంచి కత్తిరించిన ఫొటోలు అంటించామా, బొగ్గు మసిలా వస్తాయి. మా కోడలి చెల్లెలు రేలంగి మొహాన్ని నాలుగు గీతల్లో వేసి ఇచ్చింది చూడండి, అది ఫొటో కంటే బాగా వచ్చింది.

"ఈ కాలంలో ఇదంతా ఎందుకు అత్తయ్యా, వాట్సాప్‌లో పెట్టేస్తే పైసా ఖర్చు లేదుగా" అంటుంది మా కోడలు. నిజమే. కానీ మా సభ్యుల్లో డెబ్భై దాటినవాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారు. వాళ్ళకి పోస్టుమాన్ పేరు పెట్టి పిలిచి కవరు ఇవ్వడమే సగం పండగ. ఒకావిడ సంచికలన్నీ వంటింటి తలుపు వెనక మేకుకి గుచ్చి ఉంచిందట.

ఇక లోపల ఏం రాయాలి? సంచికకి ఒక్క సినిమా తీసుకోండి. రెండుసార్లు చూడండి. మొదటిసారి నవ్వుకోవడానికి, రెండోసారి పెన్సిలు పట్టుకుని. 'మిస్సమ్మ' (1955) సంచిక మాకు బాగా పేరు తెచ్చింది. ముందు భానుమతి గారిని అనుకున్న పాత్ర సావిత్రి గారికి రావడం, కథకి మూలం ఒక బెంగాలీ నాటకం కావడం, 1957లో హిందీలో 'మిస్ మేరీ'గా తీసినప్పుడు మీనాకుమారి ఆ పాత్ర వెయ్యడం, ఇవన్నీ రాశాం. సభ్యులు చాలామంది హిందీది చూడనేలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఎవరికి తోచింది వాళ్ళు రాశారు.

జంధ్యాల గారి సినిమాలు పెట్టొచ్చా అని ఒకరు అడిగారు. పాతవి కావు కదా అని మాలో కొందరు ముక్కు విరిచారు. 'శ్రీవారికి ప్రేమలేఖ' 1984 నాటిది, పాతది కాకపోతే మరేమిటి! పైగా పొత్తూరి విజయలక్ష్మి గారి నవల. ఆడది రాసిన హాస్యం, మనం వదులుకుంటామా? 'చంటబ్బాయ్' (1986)లో శ్రీలక్ష్మి ఎడిటరు వెంటపడి కవితలు వినిపించి, వింత వంటలు తినిపిస్తుందే, అచ్చం అలాంటి సభ్యురాలు మాకూ ఒకరున్నారు. ఆవిడ పంపిన కాకరకాయ హల్వా మాత్రం నేను ఇంకా చెయ్యలేదు.

గొడవలు కూడా వస్తాయి, రావాలి కూడా. 'గుండమ్మ కథ'లో రామారావు గారు రుబ్బురోలు దగ్గర కూర్చుని పాడతారు కదా, ఆ రోట్లోది గారెలపిండా దోసెలపిండా అని మూడు సంచికలు వాదించుకున్నాం. తప్పులూ చేస్తాం. విజయా వారి నవ్వుల సినిమా అనగానే ఎల్.వి. ప్రసాద్ గారే గుర్తుకొచ్చి, 'గుండమ్మ కథ' కూడా ఆయనే తీశారని రాసేశాను. తీసింది కమలాకర కామేశ్వరరావు గారు. పౌరాణికాల్లో దిట్ట, మరుసటేడు 'నర్తనశాల' తీసినాయన. నాలుగు కార్డులు వచ్చాయి. తరువాతి సంచికలో మొదటి పేజీ మీదే దిద్దుకున్నాను. ఆఖరి పేజీలో మూల దాచుకోకండి.

ఆ తప్పు సులువుగా దిద్దుకున్నాం. ఇంకొకటి అలా కాలేదు.

2024 సూర్యకాంతం గారి శతజయంతి సంవత్సరం. ప్రత్యేక సంచిక వేద్దామనుకుని, సరదాగా "మీ ఇంట్లో సూర్యకాంతం ఎవరు?" అని ఒక పోటీ పెట్టాం. అత్తల మీద, ఆడపడుచుల మీద జోకులు పదకొండు వచ్చాయి. సగం అచ్చువేశాం, మిగతా సగం తరువాతి సంచికకి అట్టే పెట్టాం. అప్పుడు ఒక సభ్యురాలి దగ్గర నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. చందా పుస్తకంలో ఆవిడ పేరు లక్ష్మి.

ఆవిడ అసలు పేరు సూర్యకాంతమట. రథసప్తమి నాడు పుట్టిందని నాయనమ్మ మురిసిపోయి పెట్టిన పేరు. బళ్ళో మేష్టారు హాజరు పిలిచినప్పుడల్లా క్లాసంతా నవ్వేవారట. పెళ్ళిచూపుల్లో పేరు అడిగి ఇద్దరు లేచి వెళ్ళిపోయారట. మూడో సంబంధం వాళ్ళు ఒప్పుకున్నారు గానీ, పీటల మీదే పేరు మార్చేశారు. "నేను ఇన్నేళ్ళలో ఎవర్నీ గట్టిగా కసరలేదండీ, కసిరితే ఆ పేరు బయటికొస్తుందని భయం. మీ పోటీ చదివాక రెండురోజులు అన్నం సహించలేదు" అని రాసింది.

నేను రెండో భాగం ఆపేద్దామన్నాను. అప్పటికే నలభై రెండు ప్రతులూ జిరాక్సు తీసి ఉన్నాయి. మాలో ఒకావిడ, మొదటినుంచీ దస్తూరి ఆవిడదే, ససేమిరా ఒప్పుకోలేదు. "హాస్యానికి కూడా ఇలా నొచ్చుకుంటే ఇక పత్రిక ఎందుకు వదినా? రమణారెడ్డి మీద, రేలంగి మీద ఏం రాసినా ఎవరో ఒకరు ఏడుస్తారు" అంది. ఆవిడ మాటలోనూ నిజం లేకపోలేదు. అయినా ఆ కాయితం తీసేసి, రాత్రికి రాత్రి వేరేది రాశాను, నా కోడిగీతల దస్తూరితోనే. ఆవిడ రెండు సంచికలు మా ఇంటి గడప తొక్కలేదు. ఇప్పుడు వస్తోంది, రాస్తోంది, కానీ నాదే తప్పని ఇప్పటికీ అంటుంది.

ఆ కాయితంలో రాసింది సూర్యకాంతం గారి గురించే. ఇద్దరు పెద్ద హీరోలుండగా సినిమాకి ఆవిడ పాత్ర పేరు పెట్టిన సంగతి, షూటింగులకి ఇంటినుంచి పిండివంటలు తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేవారని తోటి నటులు చెప్పుకున్న సంగతి. 1994లో ఆవిడ పోయినప్పటికి తెలుగువాళ్ళు ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడం దాదాపు మానేశారు. తెర మీద ఆవిడ అంత బాగా చేసినందుకు ఇంకెవరో కట్టిన సుంకం అది. మా ఉత్తరం సంగతి మాత్రం రాయలేదు, వద్దని ఆవిడ కోరింది.

కిందటి వారం ఆవిడ దగ్గర్నుంచి మళ్ళీ కవరొచ్చింది. 'అప్పుచేసి పప్పుకూడు' మీద పేజీన్నర. భలే రాసింది, మా అందరి కంటే బాగా. కింద సంతకం లేదు. "ఏ పేరు వెయ్యమంటారు?" అని కార్డు రాశాను. ఇంకా జవాబు రాలేదు. పదో తారీఖుకి జిరాక్సుకి ఇవ్వాలి. పేజీ అడుగున ఒక గీత ఖాళీ వదిలి ఉంచాను.