మాయావేషం దండగ కాదు

1974లో అమెరికాలో పుట్టిన, పాత్రలు ధరించి పాచికలతో ఆడే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఒక మాట పాతుకుపోయింది. భ్రమ పుట్టించే మంత్రాలు ఎదుటివాడి ప్రాణం తగ్గించవు కాబట్టి దండగట. రూపం మారితే భారీ కోతిగానో, రాక్షసబల్లిగానో మారాలట. ఇది శుద్ధ తప్పు. మెదక్ జిల్లా అల్లాదుర్గంలో బేతాళస్వామికి గుడి ఉంది, జాతర జరుగుతుంది. అలాంటి నేల మీద పెరిగినవాళ్లు కూడా ఈ మాటే వల్లించడం నాకు బాధగా ఉంది.

కథల్లో బేతాళుడు చేసేదేమిటి? శవంలో దూరి కథ చెబుతాడు, చివర చిక్కుప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. కత్తి పట్టిన రాజును ఒక్క దెబ్బా కొట్టకుండా శ్మశానంలో తిప్పుతాడు.

1957 నాటి ‘మాయాబజార్’ సినిమా చూడండి. ఘటోత్కచుడికి బలం తక్కువా? గద తిప్పి కౌరవుల విడిది నుగ్గు చేయగలడు. అయినా శశిరేఖ అయ్యాడు, ఎందుకంటే కౌరవులు కోరుకున్నది శశిరేఖనే. ఎదుటివాడు నమ్మాలని ఉబలాటపడే రూపాన్నే ధరించాలి. మాయలో అసలు కిటుకు ఇదే. అమ్మాయి ఒంట్లోంచి రాక్షసుడు తొంగిచూసేలా సావిత్రి నటించిన తీరు చూస్తే చాలు, రూపం మార్చిన పాత్రను ఎలా ఆడాలో తెలిసిపోతుంది.

మరి భారీ కోతి? ఈ ఆట 2014 నిబంధనల ప్రకారం, రూపం మార్చే పాలిమార్ఫ్ మంత్రంతో కోతి అయినవాడికి కోతి తెలివే మిగులుతుంది. మాట పోతుంది, మంత్రం వేసే శక్తీ పోతుంది. బలం కోసం బుద్ధిని వదులుకోవడాన్ని తెలివైన ఎత్తు అంటున్నారు.

‘కాపలావాడు పసిగట్టేశాడని ఆట నడిపేవాడు అంటే మాయ అక్కడితో సరి’ అని కొందరి ఫిర్యాదు. ఫిర్యాదు నిజమే, తప్పు మాత్రం మంత్రానిది కాదు. మైనర్ ఇల్యూజన్ అనే చిన్న భ్రమ మంత్రాన్ని కనిపెట్టాలంటే కాపలావాడు దాన్ని చేత్తో తాకాలి, లేదా తన వంతులో చేసే పనిని (యాక్షన్) వెచ్చించి పరీక్షించి పాచికలో నెగ్గాలి. గోడ పక్కన గడ్డిమోపు కనిపిస్తే ఎవడు పనిగట్టుకుని తడిమి చూస్తాడు? దాని వెనకే మీ దొంగ నక్కి ఉంటాడు.

మాయకు పగ్గం వేస్తే ఆట చెడుతుందన్న భయమూ అక్కర్లేదు. తిక్కన భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో. అందులో పాండవులకు మారువేషాల్లో ఏడాది అజ్ఞాతం, బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి. సైరంధ్రి అనుకుని కీచకుడు చీకట్లో చేయి వేస్తే దొరికింది భీముడు. ఆ చావు కబురు విన్నాకే దుర్యోధనుడికి పాండవుల మీద అనుమానం వచ్చింది. గడువు, పట్టుబడే ముప్పు, గెలుపు వెంటే వచ్చే కొత్త చిక్కు, అన్నీ అందులోనే ఉన్నాయి.

ఆట నడిపేవాళ్లకు నా విన్నపం: ‘పసిగట్టాడు’ అనేముందు ఆ కాపలావాడు ఏం చూడాలని ఆశపడుతున్నాడో ఆలోచించండి, ఆపైన పాచిక వేయించండి. ఆడేవాళ్లు వచ్చే ఆటలో ఫైర్‌బాల్ లాంటి నిప్పుల మంత్రాలు పక్కన పెట్టి, శత్రువుకు ఏం కావాలో ముందు కనుక్కోండి.