గుర్రం ఎక్కించే ముందు ఒక ఎక్స్‌రే

"సార్, గుర్రం ఎక్కిస్తే మావాడు నడుస్తాడంటున్నారు. నిజమేనా?"

బీపీ మాత్రల కోసం నెలనెలా మా ఓపీకి వచ్చే ఒక తల్లి రెండేళ్ల కిందట అడిగిన ప్రశ్న ఇది. చంకలో ఏడేళ్ల కొడుకు. వాడికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. నిలబెడితే రెండు కాళ్లూ కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి బిగుసుకుపోతాయి. ఆమె ఫోనులో ఎవరో పంపిన వీడియో ఉంది. అలాంటి పిల్లాడే గుర్రం మీద కూర్చుని నవ్వుతున్నాడు. ఆమె వెనక తలుపు దాకా లైను ఉంది. నేనూ నవ్వేసి, "ఇలాంటివి నమ్మొద్దమ్మా, ఫిజియోథెరపీ మాత్రం మానకండి" అని చీటీ రాసిచ్చాను.

మరుసటి నెల వచ్చినప్పుడు ఆమె చెవులకు కమ్మలు లేవు. ముప్పై తరగతులకు డబ్బు ముందే కట్టేసిందట. నాలుగు అయ్యాయి. నాలుగో తరగతి నుంచి పిల్లాడు ఎడమ తొడ ముట్టుకోనివ్వడం లేదట. ఆ రాత్రి ఇంటికెళ్లి కూర్చుని చదివాను. ఆమె అడిగిన దానిలో పిచ్చితనమేమీ లేదని, జవాబు చెప్పకుండా నవ్వింది నేనేనని అప్పుడు తెలిసింది.

విషయం ఇదీ. గుర్రం నింపాదిగా నడుస్తున్నప్పుడు దాని వీపు ముందుకీ వెనక్కీ, పక్కలకీ, కొంచెం మెలి తిరుగుతూ కదులుతుంది. మనం నడిచేటప్పుడు మన కటి భాగం కదిలేది దాదాపు ఇలాగే. నడవలేని బిడ్డను ఆ వీపు మీద కూర్చోబెడితే, కాళ్లు చేయని పనిని గుర్రం కాళ్లు చేసి, నడకలో ఉండే కదలికను బిడ్డ నడుముకి అందిస్తాయి. నిమిషానికి సుమారు వంద అడుగులు. అరగంటలో మూడు వేలు. ప్రతి అడుగుకీ ఒరగబోయిన ఒంటిని బిడ్డే నిలబెట్టుకోవాలి. మెడ, వీపు, పొట్ట కండరాలకు అది కసరత్తు అని వాడికి తెలియదు. మన ఒంటి కన్నా గుర్రం ఒళ్లు కొంచెం వెచ్చన. ఆ వెచ్చదనానికీ ఆ లయకూ బిగుసుకున్న తొడలు కాస్త సడలుతాయి. ఇంత కదలికను ఇంత ఒడుపుగా ఇచ్చే యంత్రం మా ఫిజియోథెరపీ గదిలో లేదు.

ఇందులో రెండు రకాలు ఉన్నాయని తల్లిదండ్రులకు ఎవరూ విడమరిచి చెప్పరు. ఒకటి హిప్పోథెరపీ. దీన్ని నడిపించేది శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టో ఆక్యుపేషనల్ థెరపిస్టో. గుర్రం వారి చేతిలో ఒక సాధనం. పిల్లాడు కళ్లెం పట్టడు, స్వారీ నేర్చుకోడు. చాలాసార్లు జీను కూడా ఉండదు, మెత్త మాత్రమే ఉంటుంది. రెండోది స్వారీ శిక్షణ. వైకల్యం ఉన్నవారికి వీలుగా మార్చి, స్వారీ మాస్టరు నేర్పుతాడు. ఇది చికిత్స కన్నా ఆటకు దగ్గర. రెండూ మంచివే. కానీ రెండోదాన్ని మొదటిదాని పేరుతో, మొదటిదాని ధరకు అమ్మితే అది మోసం.

ఈ పద్ధతి మీద ప్రపంచం చూపు పడటానికి ఒక డెన్మార్క్ మహిళ కారణం. లిస్ హార్టెల్‌కు 1944లో, కడుపుతో ఉండగా పోలియో సోకింది. మోకాళ్ల కింద కాళ్లు మళ్లీ స్వాధీనంలోకి రాలేదు. బిడ్డ మాత్రం ఆరోగ్యంగా పుట్టింది. ఆమె పట్టుబట్టి మళ్లీ గుర్రమెక్కి, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మగవారితో కలిసి పోటీపడి, డ్రెస్సేజ్‌లో రజతం గెలిచింది. గుర్రం మీద నుంచి దిగడానికి మాత్రం మరొకరి సాయం కావాల్సి వచ్చింది. 1956లో మళ్లీ రజతం. అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. స్వారీ వల్ల ఆమె కాళ్లకు పోలియో పోలేదు. పోలియో ఉన్న కాళ్లతోనే ఆమె స్వారీ చేసింది.

మరి రుజువుల సంగతేమిటి? ఉన్నాయి, కానీ చిన్నవి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న 15 మంది పిల్లల మీద అమెరికాలో ఒక అధ్యయనం జరిగింది. కొందరిని ఎనిమిది నిమిషాలు నడిచే గుర్రం మీద, మిగిలినవారిని అంతే సేపు కదలని పీపా మీద కూర్చోబెట్టారు. కండరాల పనిలో కుడి ఎడమల తేడా గుర్రం ఎక్కినవారిలో తగ్గింది, పీపా ఎక్కినవారిలో తగ్గలేదు. ఆటిజం ఉన్న 127 మంది పిల్లలతో చేసిన పది వారాల అధ్యయనంలో, స్వారీ చేసినవారిలో చిరాకు, అతి చురుకుదనం తగ్గాయి. పెద్దల వైద్యుడిగా నన్ను ఆకట్టుకున్నది మాత్రం స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో జరిగిన పరిశోధన. పక్షవాతం వచ్చి కనీసం పది నెలలు దాటిన 123 మందిని మూడు జట్లుగా విడదీసి, పన్నెండు వారాల పాటు ఒక జట్టుకు గుర్రపు స్వారీ, ఇంకో జట్టుకు లయ, సంగీతంతో వ్యాయామం ఇచ్చారు. కోలుకున్నట్టు అనిపిస్తోందని చెప్పినవారు స్వారీ జట్టులో 56 శాతం, సంగీతం జట్టులో 38 శాతం, ఏదీ లేని జట్టులో 17 శాతం. 'అనిపిస్తోంది' అన్న మాట గమనించండి. అయినా పక్షవాతం వచ్చి ఏడాది దాటితే ఇక మార్పు రాదని పెదవి విరిచే అలవాటు మా డాక్టర్లకు ఉంది. ఆ అలవాటును కాస్త సరిచేసే అంకెలు ఇవి.

మొత్తం మీద చెప్పగలిగింది ఇది. కూర్చునే పట్టు, బ్యాలెన్స్ మెరుగుపడతాయి. నడక మెరుగవుతుందనడానికి ఆధారాలు అంత గట్టిగా లేవు. సెరిబ్రల్ పాల్సీ 'నయం' అవుతుందని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇక ప్రమాదాల దగ్గరికి వద్దాం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి ఎదిగే కొద్దీ తుంటి కీలు గూటిలోంచి పక్కకు జరుగుతుంది. మొదట్లో నొప్పి కూడా ఉండదు. ఎక్స్‌రే తీస్తే తప్ప తెలియదు. అలాంటి తుంటితో కాళ్లు ఎడం చేసి గుర్రం మీద కూర్చోబెట్టడం మంచిది కాదు. ఆ తల్లి కొడుకును మా ఎముకల డాక్టర్ల దగ్గరికి పంపాను. ఎక్స్‌రేలో ఎడమ తుంటి బంతి సగానికి పైగా గూడు బయట ఉంది. నాలుగు తరగతుల్లో అంత జరగదు, ఏడాది నుంచో రెండేళ్ల నుంచో జరుగుతూ ఉండాలి. ఫిజియోథెరపీ మానవద్దని రాసిన నేను గానీ, అప్పటిదాకా చూసిన ఇంకెవరం గానీ ఆ ఫిల్మ్ తీయించలేదు.

డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడలోని మొదటి రెండు పూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. కుదుపు పడితే వెన్నుపాము నలగవచ్చు. వీరిని ముందుగా డాక్టరు పరీక్షించి, అవసరమైతే మెడ ఎక్స్‌రే తీయించాలి. మందులు వాడుతున్నా ఫిట్స్ అదుపులోకి రానివారు, వెన్ను బాగా వంకర తిరిగినవారు, ఎముకలు పెళుసుగా ఉన్నవారు, వెన్నుపాము దెబ్బతిని పిరుదుల మీద పుండ్లు పడినవారు డాక్టరు సరేనంటే తప్ప గుర్రం ఎక్కకూడదు. రెండేళ్ల లోపు పిల్లలు అసలే వద్దు. ఉబ్బసం ఉంటే గుర్రం వెంట్రుకలతో ఎక్కువ కావచ్చు. గుర్రపు పేడలో ధనుర్వాతం బీజాలు ఉంటాయి కాబట్టి టీకా డోసులు పూర్తయ్యాయో లేదో చూసుకోండి.

అక్కడికి వెళ్లాక మొహమాటపడకుండా అడగండి. థెరపిస్టు ఎవరు, ఎక్కడ చదివారు? బిడ్డ ఎక్స్‌రే అడిగారా? గుర్రాన్ని నడిపించేవారు ఒకరు, బిడ్డకు అటూ ఇటూ నడిచేవారు ఇద్దరు ఉన్నారా? తలకు సరిపోయే హెల్మెట్ ఉందా? రికాబుల్లో పాదం ఇరుక్కోకుండా ఏర్పాటుందా? గుర్రానికి గ్లాండర్స్ పరీక్ష చేయించినట్టు పశువైద్యుడి కాగితం చూపగలరా? ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది. బీచ్‌లో సరదాకు తిప్పే గుర్రం, పెళ్లి ఊరేగింపు గుర్రం ఈ పనికి పనికిరావు. బ్యాండు మేళానికి బెదరకపోవడం వేరు, మీద ఉన్న బిడ్డ ఒక్కసారిగా బిగుసుకుని కేకవేసినా అడుగు తప్పకపోవడం వేరు.

డబ్బున్నవారి వ్యవహారంగా దీన్ని వదిలేయాలా అంటే, అక్కర్లేదనే నా అభిప్రాయం. హైదరాబాద్ పోలీసులకు అశ్వదళం ఉంది. పశువైద్య కళాశాలలు ఉన్నాయి. మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది. పిల్లల వైకల్యాలను ముందే గుర్తించే డీఈఐసీ కేంద్రాలు జిల్లా ఆసుపత్రుల్లో ఉన్నాయి. వీటిని కలిపితే, వయసు మళ్లి నెమ్మదించిన నాలుగు పోలీసు గుర్రాలతో వారానికి రెండు రోజులు ఒక కేంద్రం నడపవచ్చు. కానీ వరుస తప్పకూడదు. ఖాళీగా ఉన్న ఫిజియోథెరపిస్టు పోస్టులు ముందు నింపాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ప్రతి బిడ్డకూ వేళ తప్పకుండా తుంటి ఎక్స్‌రే తీయాలి. గుర్రం ఆ తర్వాత. ఆలోగా ఇంట్లో గట్టి దిండు చుట్ట మీద అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోబెట్టే వ్యాయామం ఉంది. గుర్రంతో సమానం కాదు గానీ పైసా ఖర్చు లేదు. థెరపిస్టును అడిగి నేర్చుకోండి.

ఆ పిల్లాడికి కిందటేడు ప్రభుత్వాసుపత్రిలోనే తుంటి ఆపరేషన్ అయింది. గత నెల సర్జన్ స్వారీకి ఒప్పుకున్నారు. ఆమె వచ్చి మళ్లీ చీటీ అడిగింది. ఈసారి తీరిగ్గా రాశాను. ఆపరేషన్ తేదీ, తాజా ఎక్స్‌రే తేదీ, మొదట పదిహేను నిమిషాలు మాత్రమే, నొప్పి అంటే వెంటనే దించాలి అని. కట్టిన డబ్బులో మిగిలిన ఇరవై ఆరు తరగతులు ఇంకా చెల్లుతాయో లేదో వాళ్లు చెప్పలేదట. ఆ చీటీ వెనకే దాని గురించి కూడా రెండు ముక్కలు రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.