ఎఱుకలసానియు, మన యనుమానమును



గతమాసమున మా కొత్తకోటలో నొక యెఱుకలసాని చేటలు, గంపలు అమ్మవచ్చినది. ఆమె పోయిన పిదప మా పిల్ల వెండి పట్టగొలుసు కానరాలేదు. ఇరుగుపొరుగువా రామెనే దొంగ యనిరి, నేనును నమ్మితిని. మఱునాడది మా బియ్యపుగంపలోనే దొరకినది. ఆ గంప యామె యల్లినదే!

ఈ యనుమానము శాసనములు నేర్పినది. 1871లో నుత్తరదేశమున పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించిన నేరస్థజాతుల చట్టము కులములకు కులములనే దొంగలుగా నెంచినది. నిజాము రాజ్యమునను అట్టి శాసనమే యుండెను. 1913లో బాపట్ల చెంత స్టూవర్టుపురమున నెఱుకలవారిని కాపుదలలో నుంచి హాజరు తీసికొనిరి. 1952 ఆగష్టు 31న నా చట్టము రద్దయ్యెను. ఎఱుకలవారు నేడు షెడ్యూల్డు తెగలవారు. వారిని కులముపేర నలుగురిలో నవమానించినను, వారిపై బూటకపు ఫిర్యాదు చేసినను 1989 నాటి చట్టము శిక్షించును.

శాసనము మారినది, మన నోరు మారవలదా?

ఆమె మరల వచ్చినపుడు నా తప్పు చెప్పుకొంటిని. "మాకిది కొత్తగాదమ్మా" అని గంప నెత్తి కెత్తుకొన్నది. ఆ మాట నన్నింకను వదలలేదు.

వస్తువు పోయినచో ముందు మన యింట వెదకుదము. పిల్లలు వినుచుండగా నొక కులమును దొంగ యనకుందము.