ఎర్రగడి చూసి కంగారు పడకండి!

ఆదివారం పొద్దున్నే ఫోను. దొర్నిపాడు నుంచి మా చిన్నాయన కొడుకు. ‘అన్నా, నేనొక బొమ్మ గీసినా. అది ఒకామె సీటుకే ఎసరు పెట్టేటట్టుంది. ఏం చేయల్ల?’ అన్నాడు, గొంతులో వణుకుతో.

బొమ్మేంటి, సీటుకు ఎసరేంటి అనుకుంటున్నారా? అక్కడికే వస్తున్నా.

మావాడు వేరే మండలంలో ఓ ఆఫీసులో కంప్యూటర్ పని చూస్తుంటాడు. ‘కొన్ని సచివాలయాల సిబ్బందినంతా ఒక చార్టుగా గియ్యి. మనుషులు లేనిచోట ఎర్రగా కనపడాలి’ అన్నారట పైవాళ్లు. ఎవరి కింద ఎవరు పనిచేస్తారో గడులూ గీతలతో చూపించే ఈ బొమ్మనే ఆర్గనైజేషన్ చార్ట్ అంటారు. ఇదేమీ కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1855లోనే అమెరికాలో న్యూయార్క్-ఎరీ రైల్వేకు డేనియల్ మెక్‌కాలమ్ అనే అధికారి ఇలాంటిది గీయించాడు. వందల మైళ్ల రైలుమార్గంలో ఎవరు ఎవరికి జవాబుదారో తెలియక తల పట్టుకున్నాక వచ్చిన ఆలోచన అది. చిత్రమేంటంటే, అందులో పెద్దవాళ్లు పైన కాదు... చెట్టుకు వేళ్లలా అడుగున ఉంటారు!

మన ఊళ్ల సంగతికొస్తే చిక్కు ఇంకా ఎక్కువ. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాక ఒకే కప్పు కింద సర్వేయరు, ఏఎన్‌ఎం, ఇంజినీరింగ్ అసిస్టెంటు, వ్యవసాయ అసిస్టెంటు, డిజిటల్ అసిస్టెంటు... ఇలా పదిమంది దాకా చేరారు. జనాభాను బట్టి ఈ సంఖ్యను 2025లో ప్రభుత్వం మళ్లీ సవరించింది. కూర్చునేది ఒకేచోట, కానీ ఒక్కొక్కరిదీ ఒక్కో శాఖ. ఏఎన్‌ఎం పని చూసేది ఆరోగ్యశాఖ, వ్యవసాయ అసిస్టెంటు పని చూసేది వ్యవసాయశాఖ. చార్టులో మామూలుగా ఒక గడికి ఒక్క పైగడే ఉంటుంది. కాబట్టి అసలు గీత ఎవరికో తేల్చుకుని, రెండోదాన్ని చుక్కల గీతగా పెట్టుకోవాలి.

రంగు ఎలా వస్తుంది?

ముందు ఎక్సెల్‌లో పట్టిక కావాలి. పోస్టు, పేరు, ఎవరి కింద, హాజరు... ఒక్కోదానికి ఒక్కో నిలువు వరుస. ఈ పట్టికను విజియో లాంటి సాఫ్ట్‌వేర్‌కు అందిస్తే, ‘ఎవరి కింద’ అన్న వరుసను చూసి గడులను అదే పేర్చుకుంటుంది. తర్వాత డేటా గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ‘విలువను బట్టి రంగు’ అన్నది ఎంచుకోవాలి. ఏ వరుసను చూడాలో, ఏ విలువకు ఏ రంగో చెప్పాలి. అంతే! పట్టికలో మాట మార్చి మళ్లీ తాజా పరిస్తే గడి రంగూ మారుతుంది. వందల గడులున్నా మనం కుంచె పట్టక్కర్లేదు. దీన్నే కండిషనల్ ఫార్మాటింగ్ అంటారు. అంటే, షరతు పెట్టి రంగు వేయించడం. 1997 నాటి ఎక్సెల్‌లో మూడు షరతులకు మించి పెట్టనిచ్చేవారు కాదు. 2007లో ఆ హద్దు పోయింది.

మావాడు పెట్టినవి రెండే షరతులు. పేరు లేకపోతే ఎరుపు. నెలలో హాజరు పదిహేను రోజులకు తగ్గితే కూడా ఎరుపు. ‘రెండూ ఇబ్బందే కదన్నా, ఒకే రంగు చాలనుకున్నా’ అన్నాడు.

అక్కడే కథ అడ్డం తిరిగింది. శనివారం మీటింగులో ఆ చార్టు గోడమీద వేశారు. ఒక ఊరి ఏఎన్‌ఎం గడి ఎర్రగా మెరిసింది. ‘ఓహో, ఇది ఖాళీనా? అయితే ఇంకొకరిని వేసేద్దాం’ అన్నారొకరు. నిజానికి ఆ పోస్టు ఖాళీ కాదు. ఆమె ప్రసూతి సెలవులో ఉంది. చేతిలో రెండు నెలల బిడ్డ. హాజరు సున్నా కాబట్టి కంప్యూటర్ ఎరుపు వేసింది. దాని తప్పేముంది? చెప్పింది చేసింది!

‘మరి అక్కడే చెప్పలేకపోయావా?’ అన్నాను. ‘ఇంటికొచ్చి పట్టిక చూసుకుంటే గానీ నాకూ తెలియలేదన్నా’ అన్నాడు. బొమ్మ గీసినవాడే నమ్మేశాడన్నమాట.

ఇద్దరం ఫోన్లోనే కూర్చుని సరిచేశాం. ముందు ‘స్థితి’ అని కొత్త వరుస పెట్టించాను. అందులో నాలుగే మాటలు... పనిలో, సెలవులో, డిప్యుటేషన్, ఖాళీ. చేత్తో టైపు చేయకుండా జాబితా లోంచి ఎంచుకునేలా చేశాం. ఎందుకంటే ‘సెలవులో’ అన్న మాట చివర ఒక్క ఖాళీ జాగా ఎక్కువ పడినా కంప్యూటర్‌కది వేరే మాటే. ఇక హాజరును రంగు నుంచి తప్పించి, గడిలో మామూలు అంకెగా చూపించాం. ఖాళీ మాత్రమే ఎరుపు, సెలవు నీలం, డిప్యుటేషన్ పసుపు.

మీ ఆఫీసులోనో, స్కూల్లోనో, సంఘంలోనో ఇలాంటి చార్టు గీయాల్సి వస్తే ఇవి గుర్తుపెట్టుకోండి.

* ఒక రంగుకు ఒకే అర్థం. ఆ అర్థం చార్టు మూలన రాసి ఉండాలి.

* ఎక్సెల్‌లో రెండు షరతులు ఒకే గడి మీద పోటీ పడితే పైనున్నదే నెగ్గుతుంది. కాబట్టి ‘సెలవులో ఉంటే’ లాంటి మినహాయింపులను జాబితాలో పైన ఉంచండి.

* ఏమీ రాయని గడిని ‘ఇంతకంటే తక్కువ’ అన్న షరతు సున్నాగా తీసుకోవచ్చు. అంటే వివరం అందని మనిషి, పనికి రాని మనిషి ఒకే లెక్కలో పడతారు. వివరం లేనివాటికి బూడిదరంగు పెట్టండి.

* కొందరికి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి. నలుపు తెలుపు ప్రింటులో ఎవరికైనా అంతే. రంగుతో పాటు గడిలో మాట కూడా ఉండాలి.

* పదిమంది ముందు పెట్టేలోపు, ఎర్రగా వచ్చిన ప్రతి గడినీ అసలు రికార్డుతో ఒక్కసారి సరిచూడండి. ఫోను చేసి అడిగితే ఇంకా మంచిది.

మాటల మధ్యలో వెనక నుంచి చిన్నాయన గొంతు వినిపించింది. ఆయన వరి రైతు. ఆకు పచ్చదనాన్ని పోల్చి చూసి యూరియా ఎంత వేయాలో తేల్చుకునే రంగుల పట్టీ ఆయన దగ్గరా ఉంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన పట్టీ అది. ఆలోచిస్తే అదీ షరతు పెట్టి రంగు చూడటమే!

‘ఆకు పసుపెక్కిందని పట్టీ చెప్తాది. ఎందుకెక్కిందో చెప్తాదా? నీళ్లు నిలిచినా పసుపే, జింకు తక్కువైనా పసుపే. మడిలోకి దిగి మొక్క పీకి వేరు చూడల్ల. పట్టీ చూసి పరిగెత్తి యూరియా సంచి ఎత్తుకుంటే ఎట్లరా?’ అన్నాడాయన.

సోమవారం పదింటికల్లా మావాడు కొత్త చార్టుతో వెళ్లి, పాతదాంట్లో తప్పు తనదేనని చెప్పాడు. కాగితం ఇంకా కదల్లేదు. ఏఎన్‌ఎం గడి నీలంగా మారింది. ఆమెకు మాత్రం ఈ సంగతేదీ తెలియదు. తెలియాల్సిన అవసరం రానందుకే మాకు సంతోషం.