బావి నీళ్లలో రక్షణ రహస్యమా?

యురేనియం వంటి అణు ఖనిజాల గనులకు, కీలక ఖనిజాల గనులకు ఇకపై ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ 2025 సెప్టెంబరు 8న ఉత్తర్వు ఇచ్చింది. అణు ఇంధన శాఖ, రక్షణ శాఖ అడిగాయి, పర్యావరణ శాఖ తలూపింది. లీజు ఎంత చిన్నదైనా పరిశీలన ఢిల్లీలోనే. పార్లమెంటులో చర్చ లేదు, అభ్యంతరాలు పిలిచింది లేదు. గని పక్కన బతికే ఊరు కలెక్టరు ఎదుట నిలబడి ప్రశ్నించే హక్కును ఒక్క సంతకంతో ఎత్తేశారు.

అణు విద్యుత్తుకు యురేనియం కావాలి, అరుదైన ఖనిజాలపై చైనా బిగించిన పట్టు నుంచి దేశం బయటపడాలి. కాదనేవారు లేరు.

కానీ ఇందుకు చెప్పిన కారణం దేశ రక్షణ! 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లో రక్షణ, వ్యూహాత్మక ప్రాజెక్టుల కోసం ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. దాన్ని ఇప్పుడు ఖనిజాల జాబితా మొత్తానికీ సాగదీశారు. 2023లో గనుల చట్టానికి చేర్చిన ఆ కీలక ఖనిజాల జాబితా ఒకసారి చదవండి. అందులో లిథియం, కోబాల్ట్‌తో పాటు పొటాష్ ఉంది, ఫాస్ఫేట్ ఉంది. మన వేరుశనగ చేలో చల్లే ఎరువుల ముడిసరుకులో శత్రుదేశానికి తెలియకూడని రహస్యం ఏమిటో ఆ శాఖే చెప్పాలి. ఏ కొండ కింద ఎంత ఖనిజం ఉందో ప్రభుత్వమే పార్లమెంటులో చదివి వినిపిస్తుంది. ప్రజాభిప్రాయ సేకరణలో రైతు అడిగేది ఆ లెక్క కాదు. గనిలోంచి రోజుకు ఎంత నీరు తోడేస్తారు, వ్యర్థాల చెరువు కింద ఏం పరుస్తారు, వాన పడితే ఆ మురుగు ఏ వంకలో కలుస్తుంది, నా బోరు పాడైతే ఎవరిని పట్టుకోవాలి అని అడుగుతాడు. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెబితే దేశ రక్షణకు ముప్పా? ముప్పు ఎవరికో అందరికీ తెలుసు.

నిపుణుల కమిటీ చూసుకుంటుందిగా అనేవారు పులివెందుల వైపు వెళ్లి తుమ్మలపల్లె యురేనియం గని చూసి రావాలి. అక్కడ టన్ను ఖనిజంలో యురేనియం అరకిలోకు మించదు. మిగిలినదంతా సోడియం లవణాలతో కలిసి బురదగా వ్యర్థాల చెరువుకు చేరుతుంది. ఆ చెరువు అడుగున బెంటనైట్ మట్టి, దానిపై పాలిథీన్ పొర పరవాలన్న షరతును నిపుణులే రాశారు. అది అమలైందా లేదా అని వాళ్లు వచ్చి చూసుకున్నారా? గని దగ్గరి కేకే కొట్టాల చుట్టుపక్కల అరటి తోటలు ఎండిపోతున్నాయని, బోరు నీళ్లు నోట పెట్టుకోలేకపోతున్నామని రైతులు మొత్తుకున్నారు. ఒక విశ్రాంత శాస్త్రవేత్త వారికి తోడై లేఖలు రాశారు. ఆ తర్వాత, 2018లో గానీ కాలుష్య నియంత్రణ మండలి నోటీసు కదల్లేదు. నీళ్లలో యురేనియం ఆ రాళ్లలో సహజంగా ఉన్నదేనని గని నడిపే సంస్థ వాదన. అలాగే అనుకుందాం. అప్పుడైతే తవ్వకానికి ముందే ప్రతి బావి నీటినీ పరీక్షించి, ఫలితాన్ని ఊరి ముందు చదవాలి. ఆ చదివే సభనే ఇప్పుడు రద్దు చేశారు. ప్రాజెక్టు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇవ్వాలన్న నిబంధన కూడా ప్రజాభిప్రాయ సేకరణకే ముడిపడి ఉంది. సభ పోతే తెలుగు కాగితమూ పోతుంది.

పర్యావరణ శాఖకు ఇది కొత్త అలవాటేమీ కాదు. 2022 మేలో బొగ్గు గనుల విస్తరణకూ ఇలాగే ప్రజలను పక్కన పెట్టింది. అప్పటి సాకు బొగ్గు కొరత.

ఇది కడప జిల్లా గొడవ, మనకెందుకు అనుకునే స్థితిలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం లేవు. ధర్మవరానికి తాగునీరిచ్చే పార్నపల్లి జలాశయం దాటితే ఆవల పులివెందుల సీమే. ఎక్కడో శ్రీశైలం వెనుక జలాలను మల్యాల దగ్గర ఎత్తిపోసి, జీడిపల్లి మీదుగా గొల్లపల్లికి తెచ్చుకుంటే తప్ప పెనుకొండ, హిందూపురాల దప్పిక తీరదు. వెయ్యి అడుగుల బోర్లు కూడా నోరెళ్లబెట్టే ఈ నేలలో భూగర్భజలం ఒకసారి చెడితే తిరిగి బాగుచేసే యంత్రం లేదు. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి కాబట్టే యురేనియం బోర్ల ప్రతిపాదన ఆగింది. రోడ్డెక్కితే వినేవాళ్లు, సభలో చెబితే వినలేరా?

ఈ ఉత్తర్వును కేంద్రం ఉపసంహరించుకోవాలి. ధర్మవరం ఎమ్మెల్యే సత్యకుమార్ యాదవ్ రాష్ట్ర ఆరోగ్య మంత్రి, పైగా కేంద్రంలోని అధికార పార్టీ నాయకుడు. తాగే నీటి కంటే పెద్ద ఆరోగ్య సమస్య ఆయనకు మరొకటి ఉండదు. హిందూపురం ఎంపీ బీకే పార్థసారథి లోక్‌సభలో, పెనుకొండ ఎమ్మెల్యే, మంత్రి సవిత మంత్రివర్గంలో, హిందూపురం ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ శాసనసభలో దీన్ని లేవనెత్తాలి. నల్లమల యురేనియం తవ్వకాలపై 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఈ ఉత్తర్వుపై ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా ఆ పని చేయాలి.