అడగకుండా వచ్చే అప్‌డేట్



రైల్వేలో పట్టాలు బాగుచేయాలంటే ముందు బ్లాక్ అడగాలి. కంట్రోల్ ఒప్పుకున్న వేళలోనే పని. కంప్యూటర్‌లో అప్‌డేట్‌కు ఆ మర్యాద లేదు.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ రక్షణ సాఫ్ట్‌వేర్‌కు దానంతటదే వచ్చిన తప్పుడు అప్‌డేట్ వల్ల లోకమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

అప్‌డేట్లే వద్దని నేను అనను, వైరస్‌కు దారి మూసేవి అవే. వేళ మాత్రం మనం చెప్పాలి. మన ధర్మపురిలో నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ నింపుతున్న పెద్దాయన ముందు తెర నీలమై "ఆఫ్ చేయకండి" అంటే ఆయన ఏం చేస్తారు?

సెట్టింగ్స్‌లో యాక్టివ్ అవర్స్ పెట్టుకోండి, ఆ వేళల్లో అది తనంతట రీస్టార్ట్ కాదు. కొన్ని వారాలు అప్‌డేట్ ఆపే వీలూ ఉంది. సంఘం సభ్యుల జాబితా మాత్రం ఒక ప్రతి కాగితం మీద ఉండాలని నా మనవి.